నాచు కథ — చెఱువు గట్టునుండి గాజుతొట్టి వఱకు

గ్రామపెద్దలారా! నేఁడు నేను మీకు వినిపింపఁబూనిన చరిత్రము రాజులది గాదు, యుద్ధములది గాదు. అది నాచు చరిత్రము. చెఱువులో దిగినవాని కాలికిఁ జుట్టుకొనునది, రేవు మెట్లమీఁద పాదము జాఱునట్లు చేయునది, నీళ్లు ముంచుకొనువారు కడవతో ప్రక్కకుఁ ద్రోయునది, ఆ నాచే. ఇంత అల్పమైన వస్తువునకు చరిత్ర యేమని మీరనవచ్చును. కాని విశాఖపట్టణములో చేఁపలతొట్లమ్ము అంగళ్లకుఁ బోయి చూడుఁడు. చిన్న వలముక్కకుఁ గట్టిన గుప్పెఁడు పాచిని వెలపెట్టి కొని, భద్రముగా ఇంటికిఁ దీసికొనిపోవు బాలురు కనఁబడుదురు. తాతలు పాఱవేసినదానిని మనుమలు వెలయిచ్చి కొనుచున్నారు. ఈ మార్పు ఎట్లు వచ్చెను? ఆ పాచిని ఇంటిలో బ్రదికించుట యెట్లు? ఊరి చెఱువునకును ఆ గాజుతొట్టికిని గల సంబంధమేమి? ఈ మూఁడు ప్రశ్నలకు ఉత్తరము చెప్పుటయే నా యుద్దేశము.

మొదట పేర్ల సంగతి చూతము. అమరసింహుఁడు తన కోశములోని వారివర్గమున జలనీలి, శైవాలము, శైవలము అను పదములను ఒక్క అర్థముననే చెప్పెను. తెలుఁగువారు నాచనియు పాచియనియు నందురు. వాడుకలో ఈ మాటలు మూఁడు వేఱువేఱు జాతులను గలిపి చెప్పుచున్నవి. మొదటిది ఆకు, కాండము, వేరు అను భేదము లేని జిగురు పాచి. ఇది నీటినంతయు పచ్చగా మార్చును. లేదా పచ్చని నూలుపోగులవలె రాళ్లను బట్టుకొని యాడుచుండును. రెండవది కాండమును, ఆకులును, సన్నని పువ్వును గలిగి నీటిలోనే మునిఁగి పెరుఁగునది. దీనిని మనవారు పునాచు అందురు. శాస్త్రజ్ఞులు దీనికి హైడ్రిల్లా అని పేరు పెట్టిరి. మూఁడవది నూతి ఒరలమీఁదను, వానకాలమున పాతగోడలమీఁదను, తూర్పుకనుమలలోని అనంతగిరివంటి తావుల చెట్టు బోదెలమీఁదను పచ్చని మఖమలు గుడ్డ పఱచినట్లుండునది. దీనికి మిక్కిలి చిన్న ఆకులు గలవు. నిజమైన వేళ్లు లేవు, పువ్వు లేదు, గింజ లేదు. ధూళివంటి బీజకణములచేతను, త్రుంచిన ముక్కలచేతను వ్యాపించును. ఇంగ్లీషువారు మాస్ అనునది దీనినే. గాజుతొట్లలో ప్రీతితోఁ బెంచునది ఈ మూఁడవజాతి. కాని దానిదగ్గఱకుఁ బోవుటకు ముందు మనము రెండవజాతి కథ వినవలెను. ఏలయన చేఁపను గాజులో బ్రదికించు రహస్యమును లోకమునకు మొదట చెప్పినది నీటిలో మునిఁగి పెరుఁగు మొక్కయే.

ఈ కథకు మన తీరముననే మంచి ఆరంభమున్నది. విశాఖపట్టణపు చేఁపలను పాశ్చాత్యలోకమునకు ఎఱుకపఱచినవాఁడు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుఁడు. చాలకాలము సిరియాదేశపు అలెప్పో నగరమున వైద్యము చేసి, 1780 తరువాత, తన సోదరుఁడు క్లాడ్ రస్సెల్ కుంఫిణీ యుద్యోగముమీఁద విశాఖపట్టణమునకు రాఁగా, ఆయనతోఁ గూడ నిచ్చటికి వచ్చెను. కుంఫిణీవారు ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. విశాఖపట్టణమున సేకరించిన 200 చేఁపల వర్ణనలును చిత్రములును గల ఆయన గ్రంథము 1803లో లండను నగరమున వెలువడినది. అందులో ఒక విశేషము గలదు. ఆయన మన జాలరులు పలికిన పేర్లనే విని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. పాల సొఱయు, ముట్టినవాని చేతికిఁ దిమ్మిరి యెక్కించు తిమిరియు ఆ పుటలలో నున్నవి. తెలుఁగు జాలరి నోటిమాట ఆ విధముగా ప్రపంచశాస్త్రములోనికిఁ బోయెను.

కాని ఆ గ్రంథములోని చేఁపలన్నియు వలనుండి ఒడ్డునఁబడిన చేఁపలు. చేఁప నీటిలో నెట్లు తిరుగును, ఎట్లు గ్రుడ్లు పెట్టును, పిల్లలను ఎచ్చట దాఁచును అని గదిలోఁ గూర్చుండి దినదినము చూచుట ఆ కాలమున సాధ్యము గాకుండెను. చీనావారు బంగారుచేఁపలను పింగాణి తొట్లలో పెంచిరి. మనదేశమున చాళుక్యరాజు సోమేశ్వరుఁడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమును గూర్చి చెప్పెను. ఐనను, ఒక మూసిన తొట్టిలోని నీరు ఏల చెడును, చెడకుండునట్లు చేయుట యెట్లు అను ప్రశ్నకు మాత్రము సమాధానము దొరకలేదు.

రస్సెల్ తరువాత ఆ యుద్యోగమును బొందినవాఁడు విలియం రాక్సుబరో. ఆయన 1781 మొదలు 1793 వఱకు గోదావరిమండలములోని సామర్లకోటలో నివసించి, అచ్చట తోఁట వేసి, మన మొక్కలను పరిశీలించెను. ఆ పరిశ్రమకు ఫలమైన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూఁడు సంపుటములుగా 300 చిత్రములతో వెలువడెను. మన పునాచు కూడ ఆయన పరిశీలించిన మొక్కలలోనిదే. దానిని గూర్చి ఆయన వ్రాసిన ఒక ముచ్చట చెఱకు పండించు మనవారు వినఁదగినది. చక్కెర శుద్ధిచేయువారు పాకమునుండి గట్టిపడిన చక్కెరమీఁద తడి నాచును మందముగాఁ బఱచుదురట. నాచులోని చెమ్మ మెల్లమెల్లగా దిగుచు, చక్కెర గింజలకు అంటిన మడ్డిని కడిగి క్రిందికిఁ గొనిపోవును. రెండు మూఁడు దినములకు పైపొర తెల్లబడఁగా దానిని గీచి తీసి, మరల క్రొత్త నాచు పఱచుదురు. వెస్టిండీసు దీవులలో తడి బంకమట్టితోఁ జేయు పనిని మనదేశమున నాచు చేసినది. ఉత్తరాదివారు ఈ నాచును సివార్ అందురు. అది మన శైవాల శబ్దమే. అనకాపల్లి బెల్లపు సంతను కన్నులారఁ జూచినవారికి ఈ విషయము వింతగాఁ దోఁచవచ్చును. ఒకకాలమున మనుష్యులు నాచును పాఱవేయక, దాని గుణమెఱిఁగి వాడుకొనిరనుటకు ఇది నిదర్శనము.

ఇంతలో సీమదేశమున మఱియొక గుణము బయటపడెను. 1771వ సంవత్సరమున జోసెఫ్ ప్రీస్ట్లీ అను ఇంగ్లీషువాఁడు, క్రొవ్వొత్తి వెలుఁగుటచేఁ జెడిపోయిన గాలిలో ఒక పుదీనా కొమ్మ నుంచెను. కొన్ని దినములకు ఆ గాలిలో క్రొవ్వొత్తి మరల వెలిఁగెను. చెడిన గాలిని మొక్క బాగుచేసినదని తెలిసెను. 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుఁడు నీటిలో నుంచిన ఆకులను పరీక్షించి, సూర్యకాంతి పడినంతసేపు వాని నుండి గాలిబుడగలు వచ్చుననియు, చీఁకటిలో ఆ పని నిలిచిపోవుననియు ప్రకటించెను. ఆ బుడగలలోనిదే ప్రాణవాయువు. నేను బడిపంతులుగా నుండిన కాలమున ప్రతియేఁటను చెఱువునుండి పునాచు తెప్పించి, గాజుగిన్నెలో నీటిలో మునుఁగునట్లు పెట్టి, పైన గరాటు బోర్లించి, దానిపై నీటితో నింపిన గాజుగొట్టమును నిలిపి, ఎండలో నుంచి పిల్లలకుఁ జూపుచుంటిని. ముత్యములవంటి బుడగలు వరుసగాఁ బైకెక్కును. పలకమీఁద వ్రాసిన పాఠము మఱచినవారును ఆ బుడగలను మఱవలేదు.

ఈ రెండు సత్యములను గలిపి ఇంటిలోని తొట్టికి అన్వయించుటకు మఱి డెబ్బది యేండ్లు పట్టెను. 1829లో లండను వైద్యుఁడు నథానియల్ వార్డు ఒక మూసిన సీసాలోని తడిమట్టిలో చిన్న ఫెర్నుమొక్క తనంతఁ దాను మొలచి బ్రదుకుట చూచి, గాజుపెట్టెలలో మొక్కలను పెంచు పద్ధతిని గనిపెట్టెను. తరువాతికాలమున చీనాదేశపు తేయాకుమొక్కలు మనదేశమునకు వచ్చినది అట్టి పెట్టెలలోనే. సీసిలీ ద్వీపమున జాన్ విల్‌ప్రూ-పవర్ అను స్త్రీ సముద్రజీవులను పరిశీలించుటకు 1832 ప్రాంతమున గాజుతొట్లు చేయించెను. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుఁడు తన పరీక్షను ప్రకటించెను. సుమారు పండ్రెండు గ్యాలనుల తొట్టిలో ఇసుకయు మట్టియు వేసి, నీటిలో మునిఁగి పెరుఁగు వాలిస్నేరియా అను మొక్కను నాటి, రెండు బంగారుచేఁపలను విడిచెను. చేఁపలు విడుచు గాలిని మొక్క గ్రహించును, మొక్క విడుచు ప్రాణవాయువును చేఁపలు గ్రహించును. కనుక నీరు మార్పకయే బ్రదుకవలెనని ఆయన ఊహ. ఆ ఊహ సరియే. కాని కొన్నాళ్లకు మొక్క ముదురాకులు క్రుళ్లి, గాజునిండ పచ్చని జిగురు పట్టి, నీరు మసకబాఱెను. అప్పుడు ఆయన చెఱువు నత్తలను కొన్నింటిని దెచ్చి విడిచెను. అవి క్రుళ్లిన ఆకును, జిగురు పాచిని తిని, తొట్టిని తేఁటపఱచెను.

పెద్దలారా, ఈ నత్తల సంగతి మీరు మనసున నుంచుకొనవలెను. మొక్కయు చేఁపయు రెండే యున్నచోట సంసారము సాగలేదు. మురికిని తిను మూఁడవప్రాణి వచ్చినప్పుడే సాగెను. మన చెఱువులో నత్తయు, రొయ్యయు, అడుగుమట్టిలోని కంటికిఁ గానరాని క్రిములును ఆ పని చేయుచున్నవి. వాని నన్నింటిని మందుపెట్టి చంపినవాఁడు చెఱువును శుభ్రము చేసితిననుకొనును గాని, పాకీవానిని వెళ్లఁగొట్టిన పట్టణమువలె దానిని చేసినవాఁడగును.

1853లో లండను జంతుశాలలో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుని సాయమున చేఁపల ప్రదర్శనశాల తెఱవఁబడెను. మఱుసటియేఁడు ఆయన గ్రంథము వెలువడి, అక్వేరియము అను పేరు ఇంటింట వ్యాపించెను. ఆ లాటిను మాటకుఁ బూర్వము పశువులు నీరు త్రాగు తావు అని అర్థము. మన యూరి రేవునకు తగిన పేరే! మన దక్షిణదేశమున 1909లో మదరాసు సముద్రతీరమున అట్టి శాల వెలసెను. అప్పుడు మన తెలుఁగుజిల్లాలు మదరాసు రాజధానిలోనివే గనుక, ఆ పట్టణమునకుఁ బోయినవారు దానిని గూడఁ జూచి వచ్చుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది మూతపడెను. 1926లో స్థాపితమైన ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వాల్తేరునకు వచ్చిన పిమ్మట, 1933లో రేవు తెఱవఁబడిన పిమ్మట, విశాఖపట్టణమే సముద్రశాస్త్రమునకు కేంద్రమయ్యెను. ఉమామహేశ్వరరావు, శ్రీరాములు అను ఇరువురు శాస్త్రజ్ఞులు విశాఖ తీరపు రాళ్లమీఁద ఆటుపోటుల నడుమఁ బెరుఁగు పాచిజాతులను గూర్చి వ్రాసిన వ్యాసము 1964లో ఇంగ్లండు దేశపు శాస్త్రపత్రికలో వెలువడినది. అలలు కొట్టినను వీడని పచ్చని ఆ సముద్రపుఁ బాచిని వాల్తేరు తీరమునకుఁ బోయినవారందఱును చూచియుందురు. అది ఉప్పునీటిది, మంచినీటి తొట్టిలోఁ బెట్టినచో బ్రదుకదు. తరువాతి కాలమున రామకృష్ణా బీచివద్ద మత్స్యదర్శిని యను చేఁపలశాల ఏర్పడెను. రస్సెల్ కాగితముమీఁద చూపిన చేఁపను పిల్లలు అట్టి శాలలలో ఈఁదుచుండఁగాఁ జూడఁగలిగిరి.

ఇఁక మూఁడవజాతియగు పాచి సంగతి. దీనికి పువ్వు లేదుగదా, సంతతి యెట్లని పూర్వులు తికమకపడిరి. 18వ శతాబ్దమున యోహాన్ హెడ్విగ్ అను వైద్యుఁడు సూక్ష్మదర్శినితో దీని స్త్రీపురుషాంగములను గుర్తించెను. ఆయన 1799లో మరణింపఁగా 1801లో వెలువడిన ఆయన గ్రంథమే నేఁటికిని ఈ జాతుల నామకరణమునకు ఆదిగ్రంథము. తొట్లలోఁ బెంచు పాచిలో ప్రసిద్ధమైనది జావా మాస్. ఇది ఆగ్నేయాసియాది. చిరకాలము ఒక పేరుతోఁ జెలామణియై, తరువాత వేఱొక జాతియని తేలి, ఇప్పుడు టాక్సిఫిల్లము బార్బియెరి అని పిలువఁబడుచున్నది. తొట్లపాచులకు సరియైన పేర్లు నిర్ణయించుటలో సింగపూరులో పనిచేసిన బెనిటో టాన్ అను పండితుఁడు చాల శ్రమపడెను. మొదట దీనిని చేఁపలు గ్రుడ్లు పెట్టుటకు పఱుపుగా వాడిరి. పిమ్మట జపానుదేశీయుఁడు తకాషి అమానో (1954–2015) రాళ్లకును మ్రోడులకును పాచిని గట్టి, చిన్న రొయ్యలను పాచికాఁపులుగా విడిచి, తొట్టిలోనే కొండలను అడవులను గల్పించి చూపెను. ఆయన చిత్రములు చూచినవారివలన పాచిమీఁది మక్కువ లోకమంతట వ్యాపించినది.

మీ మనుమలు అట్టి తొట్టి పెట్టుకొందుమన్నచో వలదనకుఁడు, పద్ధతి చెప్పుఁడు. ఈ పాచికి మట్టి యక్కఱలేదు. వేళ్లవలెఁ గనఁబడు సన్నని నూఁగు దానికిఁ బట్టుకొనుటకే గాని ఆహారము పీల్చుటకుఁ గాదు. ఆకులతోనే నీటినుండి సారమును గ్రహించును. కావున గరుకైన రాతినో, నానవేసి రంగు వదలించిన కఱ్ఱనో తీసికొని, పాచిని పలుచగాఁ బఱచి, నూలుదారముతో వదులుగాఁ జుట్టవలెను. మందముగాఁ బఱచినచో క్రింది పొరకు వెలుఁగు సోఁకక క్రుళ్లును. కొన్ని వారములకు పాచి రాతిని పట్టుకొనును. నూలు దానియంతట అది చీకిపోవును.

వెలుఁగు ఎక్కువ గూడదు. పాచి నీడలో పెరిఁగినది. కిటికీవద్ద ఎండ సూటిగాఁ బడుచోట తొట్టిని ఉంచినచో, పాచికి బదులు జిగురు పాచి పెరిఁగి దానిని కప్పివేయును. దినమునకు ఆఱుమొదలు ఎనిమిది గంటలు దీపపు వెలుఁగు చాలును. వేఁడి దీనికి శత్రువు. 22 మొదలు 26 డిగ్రీల వఱకు నీరు చల్లగా నున్నచో హాయిగాఁ బెరుఁగును. 30 డిగ్రీలు మీఱి చాలదినములున్నచో గోధుమరంగు తిరుగును. కావున విశాఖవంటి తీరప్రాంతమున వేసవి మూఁడు నెలలును జాగ్రత్త వలయును. తొట్టిని ఇంటిలో మిక్కిలి చల్లనైన మూల నుంచి, మూఁత తీసి, గాలి తగులనిచ్చి, ఆవిరియైనంత నీటిని మరల పోయుచుండవలెను.

పట్టణపు కుళాయినీటిలో క్లోరిను కలుపుదురు. ఆ నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము నిలువనిచ్చి పోయవలెను. వారమున కొకసారి నీటిలో నాలవవంతు తీసి క్రొత్తనీరు పోసినఁ జాలును. అంతయు ఒక్కసారి మార్పరాదు. ఏలయన తొట్టిలోని రాళ్లకును పాచికిని పట్టియున్న మేలుచేయు క్రిములు చేఁపల మలములోని విషమును విఱిచి, మొక్కకు ఆహారముగా మార్చును. వానిని కడిగివేసిన తొట్టి చూచుటకు శుభ్రముగా నుండును గాని చేఁపకు విషము. సబ్బునీరు తగులనీయఁగూడదు. రాగిపాత్రలు వాడఁగూడదు, రాగి మనకుఁ బవిత్రమేగాని నత్తకును రొయ్యకును ప్రాణాంతకము. చేఁపలకు మేఁత రెండు మూఁడు నిమిషములలో తినఁగలిగినంతయే వేయవలెను. మిగిలిన మేఁత క్రుళ్లి, జిగురు పాచికి ఎఱువగును. పాచి గుబురుగాఁ బెరిఁగినప్పుడు కత్తెరతోఁ గత్తిరించి, తెగినముక్కలను చిన్న వలతోఁ బట్టి తీసివేయవలెను. ఈ పనులు చేయు బాలునికి మితమనఁగా నేమో గ్రంథము చదువకయే తెలియును.

ఆ మితమే ఊరి చెఱువునకును గావలెను. పగలు ప్రాణవాయువు నిచ్చు నాచు రాత్రి మనవలెనే దానిని పీల్చుకొనును. నాచు మితిమీఱి పెరిఁగిన చెఱువులో, అందును మబ్బుపట్టిన దినము తరువాత, తెల్లవాఱుజామున ప్రాణవాయువు తఱిఁగిపోయి చేఁపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుట మీరు చూచియుందురు. కొందఱు దానిని ఎవరో విషము కలిపినట్లు భావింతురు. పొలములనుండి కొట్టుకొనివచ్చు ఎఱువులును, కాలువలద్వారా వచ్చు మురుగును నాచునకు అధికమైన ఆహారము పెట్టుటయే దానికిఁ గారణము. అప్పుడు భయపడి మైలుతుత్తము చల్లినచో, నాచంతయు ఒక్కసారి చచ్చి క్రుళ్లి, మిగిలిన ప్రాణవాయువును గూడ హరించును. చేఁపలు దానితో మరణించును. చెఱువునకు మేలైన పద్ధతి మన పెద్దలదే: ఒక ప్రక్కనుండి కొంచెము కొంచెముగా చేతితో లాగి, గట్టునఁ బోసి, ఎండిన పిమ్మట పేడతోఁ గలిపి పొలమునకు ఎఱువుగాఁ దోలుట, మూఁడవవంతు నాచును చేఁపపిల్లలకుఁ బఱుపుగా విడిచిపెట్టుట. 1959లో మనదేశమునకుఁ దెచ్చిన గడ్డిచేఁప కూడ పునాచును ఇష్టముగాఁ దినును. కొన్ని చెఱువులలో అదియు ఉపయోగపడుచున్నది.

కడపట ఒక హెచ్చరిక. గాజుతొట్టిలోని మొక్కను గాని, చేఁపను గాని, నత్తను గాని, ఎన్నఁడును చెఱువులో విడువఁగూడదు. ఈ మాట ఊరక చెప్పుటలేదు. దక్షిణామెరికాదేశపు ఒక నీటిమొక్కను ఊదారంగు పూలగుత్తుల సొగసు చూచి లోకమంతటను దోఁటలలో పెంచిరి. అది 19వ శతాబ్దము చివర బంగాళాదేశమును జేరి, నదులను కాలువలను కప్పివేయఁగా, 1936లో దానిని నిర్మూలించుటకై అచ్చట శాసనమే చేయవలసివచ్చెను. మన గోదావరి కాలువలను, కొల్లేటిని అడ్డగించు గుఱ్ఱపుడెక్క అదియే. దీనికి జోడు కథ మఱియొకటి గలదు. మన చెఱువులలో నత్తతోను చేఁపతోను సమముగా బ్రదుకు పునాచును 1950 తరువాత చేఁపలతొట్ల వ్యాపారులు అమెరికాలోని ఫ్లారిడాకుఁ గొనిపోయిరి. అది తొట్లనుండి కాలువలలోనికిఁ బోయి, అచ్చట దానిని తిను ప్రాణులు లేకపోవుటచే సరస్సులనెల్ల నింపివేసెను. జన్యుపరీక్షలలో అమెరికాలోని మొక్కకు బెంగుళూరిమొక్క మిక్కిలి సన్నిహితబంధువని తేలినది. వారి పువ్వు మనకు పీడ యయ్యెను, మన నాచు వారికిఁ బీడ యయ్యెను. రెండింటికిని దోషము మొక్కది గాదు; పుట్టినచోటు విడిపించి, కాపలా లేకుండ నీటిలో వదలినవానిది.

కావున పెద్దలారా, మీ యింట గాజుతొట్టి యుండినచో కత్తిరించిన పాచిని ఎండఁబెట్టి పూలకుండీలో వేయించుఁడు. చేఁపలు వలదనుకొన్నచో అమ్మినవానికే తిరిగి యిప్పించుఁడు. ఊరి చెఱువులో నాచు పెరిఁగినదని పిల్లలు చెప్పినప్పుడు, ముందు ఆ నాచు ఏజాతిదో, ఎంత మేర వ్యాపించినదో, ఏ కాలువనుండి మురుగు వచ్చుచున్నదో గట్టువెంట నడచి చూడుఁడు. పునాచునకును, గుఱ్ఱపుడెక్కకును, జిగురు పాచికిని గల భేదము మీకుఁ దెలిసినంతగా పట్టణపు చదువులవారికిఁ దెలియదు. ఆ భేదమును మనుమలకుఁ జెప్పి, వారి చేత వాని పేర్లు పలికింపుఁడు. రస్సెల్‌కు మన జాలరులు పేర్లు చెప్పకున్నచో ఆయన గ్రంథమున తెలుఁగు మాట యుండెడిది గాదు. ఆ పని ఇప్పుడు మీది.